ఎడ్ల కుండ

గుణుపురం సంతలో ఎడ్లని అమ్మీసిన సాయంత్రం
పలుపులు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం.
సాలలో రాటకి తగిలిస్తే
రాత్రంతా గాలికి ఊగినాయి.

పత్తి అంతకుముందే పోయినాది.
శ్రావణంలో ఒక్క జల్లు, భాద్రపదంలో అదీ నేదు.
వంశధార నడుం కాడి నుంచి
మడమ కాడికి దిగిపోనాది.
అప్పు చేసి కొన్న గింజ
మూడాకులెయ్యకుండానే మాడిపోనాది.

అటక మీద ఆనప బుర్రలో
రెండు కుంచాల ఉలవలు మిగిలినాయి.
ఎడ్ల వాటా.
"ఎడ్లే నేవు, ఎవులికింక?" అన్నాడు ఇంటాయన.

కొండ దిగొచ్చిన సొంబారి
కట్టెల మోపు దించి, గుక్కెడు నీళ్ళు తాగి,
బుర్రలో చెయ్యి పెట్టి గలగలలాడించింది.
"కొలొథొ! చల్లీవేటి?"
వానేదీ, అన్నాను.
"దీనికి వానెందుకు?
రాత్రుంది కదా, తాగుతాది."

నాగలి కట్టడానికేమీ నేక
పారతో గీకినాను, ఎండిన పత్తి మోళ్ళ నడుమ.
పిడికిలి విప్పినప్పుడు
దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది.
ఎవరి నోటి కాడిదో, మట్టిలో పోస్తున్నాను.

కార్తీకం మంచుకి
నూగు నూగు ఆకులు తడిసి నేలని పట్టుకున్నాయి.
నష్టం రాయడానికొచ్చిన అమీను
చచ్చిన మోళ్ళనే లెక్కపెట్టి రాసుకున్నాడు.
కాళ్ళకి చుట్టుకున్న తీగని
బూటుతో విదిలించి
"ఏటా కొణొ?" అన్నాడు.
తిండి బాబూ, అన్నాను తెలుగులో.
ఆయన పుస్తకంలో వరికి గడి ఉంది, పత్తికి గడి ఉంది.
తిండికి నేదు.

గోరంత కాయలు, కొడవళ్ళలా వంగినవి.
ఎండలో చిటచిటా పేలుతుంటే
గింజలు ఏరడానికి పిల్లలు కోళ్ళతో పోటీపడినారు.

కొత్త కుండ కొనడానికి డబ్బుల్నేవు.
ఎడ్లకి ఉడకేసిన కుండనే
బూడిదేసి మూడుసార్లు తోమినాను.
తెల్లారకట్ల ఆవిరి లేచేసరికి
అదే వాసన. చెవులు సాల వైపెళ్ళినాయి,
గంటలు కదుల్తాయేమోనని.

చారు నల్లగా చిక్కబడినాది.
మొదటి ముద్ద కలిపిన ఇంటాయన
చాలాసేపు నోట్లో పెట్టుకోనేదు.
పిల్లడు మాత్రం కంచం నాకీసి
ఇంకా ఎయ్యమన్నాడు.
వేసినాను. ఇంటాయనా తిన్నాడు.

ఆనక కుండ కడిగిన నీళ్ళు
అలవాటు కొద్దీ తీసుకెళ్ళి
సాలలోని కుడితి గోలెంలో పోసొచ్చినాను.