పట్టు వద్దన్న చక్రం

రెండంగుళాల గొట్టం వదులు,
ఒకటిన్నరది ఎక్కదు.
"మరిగే నీళ్లలో పడేద్దాం మావా" అన్నాడు డిల్లేసు.
పర్లాకిమిడిలో పాతికేళ్లుగా పైపులు బిగిస్తున్నాను,
ఆ మాట నాకు తట్టలేదు.

కాశీనగర్ బోరు పనిలో మిగిలిన ముక్క.
రంపం బ్లేడుతో నాలుగు చుట్లు కోశాను,
వేలెడు వెడల్పు. ఒకటి వంకర.
దాన్ని వాడు వెనక కుడివైపుకి కేటాయించాడు,
ఎందుకో చెప్పలేదు.
గరుకు కాగితంతో అంచులు రుద్దితే
నా లుంగీ మీదా వాడి నిక్కరు మీదా తెల్లటి పొడి.
అన్నం గిన్నెలో మాత్రం వద్దని
మా ఆవిడ మూడుసార్లు కేకేసింది.

మెత్తబడ్డ చుట్టు రబ్బరు మీద కూచుంది,
చల్లారాక
కరిచినట్టు బిగిసింది.

జారనివ్వకపోవడమే నా పని.
మరలకి దారం చుట్టి, కీళ్లకి జిగురు పూసి,
బొట్టు కారితే అర్ధరాత్రి తిట్లు తిన్నవాణ్ణి.
వీడికేమో నేలని పట్టుకోని చక్రం కావాలట!

ఆదివారం. రైసుమిల్లు మూత.
వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మీద
పిచ్చుకలు తప్ప ఎవరూ లేరు.
టుకునా రిమోటు నొక్కాడు.
బండి ముక్కు బాయిలరు వైపు,
పోత మాత్రం గేటు వైపు,
ముందు చక్రాలు ఇంకెటో చూస్తున్నాయి.
"ఖసిగలా!" అని వాడు,
"జారింది!" అని వీడు,
ఒక్క గొంతుతో.

గోడ ఇంకో జానెడుందనగా
తోక విదిల్చి తిరిగింది.

ఒకసారి నాకివ్వండ్రా అనడానికి
సిగ్గేసి,
ఏదీ, ఆ వంకర చుట్టు చూడనీ
అన్నాను.