గంట వద్దు

మాడ్‌బరీలో మాడు పగిలే ఎండ.
నలభై నాలుగు. రాత్రి పదైనా గోడలు ఇంకా సెగ కక్కుతున్నాయి.
వంటింటి గచ్చు మీద తడి తువ్వాలు పరుచుకుని
హైమవతి మంచుకి లెక్కలు కడుతోంది.

పేరులోనే హిమం ఉన్న మనిషి,
పుట్టిందేమో కొత్తగూడెంలో, బొగ్గు మధ్య.
అడిలైడ్‌కొచ్చి పంతొమ్మిదేళ్ళు.
ఇప్పుడు నోట్లో ఐసు ముక్క, ఒళ్ళో లాప్‌టాప్,
అందులో, ఫిన్లాండ్ కొసన ఎక్కడో,
పైకప్పంతా గాజుతో కట్టిన గది.
మంచం మీద వెల్లకిలా పడుకుంటే చాలట,
ఆకాశమే వచ్చి మీద ఆడుతుందట.

"వచ్చే జనవరికి. రాత్రికి పదమూడు వందల యూరోలు," అంది.
పళ్ళ మధ్య ఐసు పటుక్కుమంది.
నాలుగు రాత్రులు. డాలర్లలోకి మార్చి వేళ్ళు మడిచాను.
రెండోసారి మడవడానికి ధైర్యం చాలలేదు.
"కుక్కల బండి అందులోనే. ఆవిరి గది కూడా అందులోనే."
"వేడికి కూడా డబ్బులా?
మన కార్లో కూర్చుంటే ఊరికే వస్తుంది కదా," అన్నాను.
నవ్వలేదు. ఆ నవ్వని మొహం నాకు తెలుసు,
ఈ ఇల్లు కొన్నప్పుడూ అదే మొహం.

ఉన్ని బనీను నిన్ననే వచ్చింది పార్సిల్లో.
ఏసీ ముందు నిలబెట్టి నా చేత తొడిగించింది.
మెడ దగ్గర ఇరుక్కుని, చేతులు పైకెత్తి,
తిరిగి గొర్రెలోకి దూరినట్టు, ఊపిరాడక కేకేశాను.
బయటికి లాగి, "సరిపోయింది," అంది.

అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది:
వెలుగులు కనబడతాయని హామీ లేదు.
మబ్బు పడితే పైకం వెనక్కి రాదు.
గట్టిగా చదివి వినిపించాను.
"హామీ ఉంటే అది ట్యూబులైటు," అంది.

ఆ తర్వాత వచ్చింది ప్రశ్న.
అర్ధరాత్రి ఆకాశం వెలిగితే
మీ గదిలో గంట మోగిస్తాం. లేపమంటారా?
హైమవతి చెయ్యి ఆగింది. నా వైపు చూసింది.

నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి.
ఇన్నేళ్ళుగా నా దిండు పక్కన మోగిన ప్రతి గంటా
రెండంతస్తుల మధ్య ఆగిపోయిన ఎవరో ఒక మనిషి.
మోగకముందే మెలకువ వచ్చే జబ్బు నాది.
పక్కన పడుకుని పడుకుని తనకీ అంటింది.

ఏదో చెబుదామనుకునే లోపే మోగింది.
ఎండ దెబ్బకి కరెంటు పోయి,
నార్త్ అడిలైడ్‌లో, ఐదుకీ ఆరుకీ మధ్య.

తలుపు మీద ముందు మూడుసార్లు తడతాను, ఎప్పుడూ,
నోరు తెరవకముందే.
లోపలివాళ్ళకి మాటకన్నా ఆ చప్పుడు ముందు కావాలి.
అవతలినుంచి తిరిగి మూడుసార్లు తట్టారు.
వేలెడు సందు చేసి టార్చి వేస్తే
ఒక ముసలాయన, షర్టు విప్పి భుజాన వేసుకుని,
తలెత్తి ఆ సందునే చూస్తున్నాడు.
నన్ను కాదు. ఎవరూ నన్ను చూడరు అప్పుడు.
నేనెప్పుడూ బయటివాణ్ణే.
లోపలినుంచి ఆ వెలుగు ఎలా ఉంటుందో
ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి నాలుగు.
తువ్వాలు ఎండి అట్టలా అయింది. దాని మీదే నిద్రపోయింది.
లాప్‌టాప్‌లో:
గడువు ముగిసింది, మళ్ళీ మొదలుపెట్టండి.

గ్రీజు చేతులు తుడుచుకుని కూర్చున్నాను.
మొదటి పేరు: హైమవతి.
రెండో పేరు నాది.
మొత్తం ఎంతో రాసి ఉన్నచోట చూపు ఆనించలేదు.
లేపమంటారా? అవును.
చివర్న ఒక ఖాళీ గడి: ఇంకేమైనా చెప్పాలా?

గంట వద్దు, అని రాశాను.
తలుపు తట్టండి. మూడుసార్లు.