రెండు గంటలు కూచోవద్దు

బళ్లారి చౌరస్తా దాటినాక
టైర్ల అంగడి పక్కన రేకుల షెడ్డు మాది.
మే నెల. కర్నూలు ఎండకు పదకొండుకే
రేకులు టపటపమంటున్నాయి.
కారు తలుపు తీస్తే
మూసిపెట్టిన బట్టీ ఊపిరి.

కాంట్రాక్టరు మద్దిలేటి గారి బండి.
"వెనక సీటు బాగా చెయ్యి ఉరుకుందూ,
అసలు తోలది, ఇటలీది" అని
ఏసీ గదిలోకి పోయినాడు.

ముందు దుమ్ము లాగాలి.
కుట్ల సందుల్లో మెత్తని బ్రష్షు,
పళ్లు తోమినట్టు కాదు,
చంటిదాని చెవి తుడిచినట్టు.
సీటు మడతలో దొరికేవి దొరుకుతాయి.
బుడ్డల పొట్టు, టోల్ గేటు చీటీ,
ఎవరిదో జడపిన్ను,
ఒక తెల్లరాయి, తళుక్కుమంది!
తొలకరికి తుగ్గలి చేలల్లో వంగి నడిచేవాళ్లలాగ
ఎండకెత్తి పట్టుకున్నా.
నాలుక మీద పెట్టి చూసినా.
కలకండ.
ఏ కొండ ప్రసాదమో.

తర్వాత నురగ. నీళ్లు తక్కువ, ఓపిక ఎక్కువ.
గుడ్డ తెల్లగా పోయి
టీ రంగులో తిరిగొస్తుంది.

ఒక్క చుక్క నీళ్లేసి చూడమంటాడు మా ఓనరు,
తాగితే తోలు, జారితే రెగ్జిను.
అన్నిసార్లూ నిజం కాదది.
మా జేజినాయన సుంకన్న
చీకట్లో బొటనవేలితో చెప్పేవాడు,
ఇది దున్న, ఇది మేక,
ఇది కరువేడు పడిపోయిన ఎద్దు, అని.

నా బొటనవేలికీ కొంచెం వచ్చు.
వెనక సీట్లో వీపు ఆనే చోట తోలు.
పక్కలూ, కిందా, తలుపు మీదా అంతా రెగ్జినే.
కుట్టు ఒకటే, రంగు ఒకటే.
చెప్పాలా?
ఆయన రెండువేల ఐదొందలిచ్చేది
నిగనిగకు. ఊరుకున్నా.

జేజినాయన ఇంటి వెనక లంద ఉండేది.
తంగేడు చెక్క నానిన నీళ్లలో మునిగి మునిగి
మోచేతుల దాకా ఎప్పుడూ ఎరుపే ఆయన.
ఊరందరి కపిల తొండాలూ ఆ చేతులే కుట్టినాయి,
వాటిలోంచి దూకిన నీళ్లు
ఊరందరి మళ్లల్లో పారినాయి.
ఆయనకు మాత్రం దోసిట్లోకి
పైనించి పోసినారు.
ఈ మాట ఆయన కోపంగా చెప్పలేదు.
ఆముదం ఎంత పట్టించాలో నేర్పిస్తా
మధ్యలో చెప్పినాడు.

కండిషనరు డబ్బా తెరిస్తే
డబ్బున్నోళ్ల ఇంటి వాసన అంటాడు ఓనరు.
నాకు దాని అడుగున యాడనో
పల్చగా ఆముదం తగుల్తుంది. భ్రమేమో.
ఉసిరికాయంత తీసుకుని అరచేత్తోనే రాస్తా.
గుడ్డతో రాయమంటారు.
గుడ్డకేం తెలుసు యాడ దాహముందో.

డ్రైవరు సీటు చెయ్యమని ఎవరూ చెప్పలేదు.
దస్తగిరన్న ఆరేళ్లుగా ఎక్కి దిగిన కుడి అంచు
కాలి మడమలా పగిలింది.
వీపు పడే చోట చెమట ఉప్పు
ఒక మనిషిని గీసింది,
భుజం ఒకటి కొంచెం వంచి.

వెనక రెగ్జిను తాగని క్రీమంతా మిగిలింది కదా.
ఇటు రాసినా.
ఒక పూత. పీల్చేసింది.
ఇంకో పూత. పీల్చేసింది.
మూడో పూతకు తెప్పరిల్లింది.

"రెండు గంటలు ఎవరూ కూచోవద్దు సార్."
మద్దిలేటి గారు గడియారం చూసుకుని
ఆటో పిలిపించుకున్నాడు.

కొత్త మెట్లకు ఆముదం పట్టించి
మూడు రోజులు దూలానికి వేలాడేసేవాడు జేజినాయన.
ఎంత పెద్దింటి నుంచి కబురొచ్చినా దించేవాడు కాదు.
"తాగనీలేప్పా.
నడిచేది ఎట్లా ఉంది."

షెడ్డు నీడన, బోర్లించిన బకెట్టు మీద
దస్తగిరన్న కూచున్నాడు.
ఆనుకోను ఏమీ లేదు వెనక.
అయినా భుజం అట్లనే వంచి,
లేని కిటికీ మీద మోచెయ్యి పెట్టి.

జిడ్డుకు నా అరచేతులు మెరుస్తున్నాయి.
జారుతుందేమోనని టీ గ్లాసు
రెండు చేతులా పట్టి ఇచ్చినా.
నా వేళ్లతో సహా
అందుకున్నాడు.