రిమార్క్స్ గడి

రూవీలో మా షాపు వెనక గది.
ఏసీ నీళ్ళు కారే బకెట్ పక్కన
నాకో కంప్యూటరు, లింబన్న పాత డైరీలు తొమ్మిది.
"అన్నీ ఎక్కించు" అన్నాడు మేనేజర్ షిహాబ్,
"కస్టమర్ ఇక మనిషి బుర్రలో ఉండకూడదు,
సిస్టంలో ఉండాలి."

లింబన్నది ఆర్మూరు.
ఇరవై రెండేళ్ళు ఇక్కడ నీటి పంపులు అమ్మాడు.
వీసా ముగిసిన రోజు
డైరీలకి సుతిలి తాడు కట్టి నా బల్ల మీద పెట్టి
"నా రాత నీకే తెలుస్తది" అన్నాడు, అంతే.

సాఫ్ట్‌వేర్ అడుగుతుంది: పేరు, ఫోను, ఊరు.
లీడ్ వేడా? గోరువెచ్చనా? చల్లనా?

డైరీ చెబుతుంది:
"సీబ్ లాండ్రీ యూసుఫ్. ఎడమ చెవి వినరాదు.
కుడి దిక్కు కూసో. రేటు ముందుగాల చెప్పకు."
"నిజ్వా సైఫ్ బిన్ రాషిద్. మొదలు ఖర్జూర తిను, కావా తాగు.
ఖాళీ కప్పు ఊపినంకనే పంపు ముచ్చట."
"మత్రా హోటల్ కుంజుమోన్. రంజాన్‌ల బాకీ అడగకు.
అడగకుంటెనే ఇస్తడు."

చెవికి గడి లేదు.
కప్పు ఊపడానికి లేదు.
అట్టడుగున ఒక్కటుంది, రిమార్క్స్ అని,
రెండువందల యాభై అక్షరాలు దాటితే
మాటని నడుమ తెగ్గొడుతుంది.
రాత్రుళ్ళు కూర్చుని
లింబన్నని కుదించడం నేర్చుకున్నాను.

అట్లని సిస్టంని తిట్టను.
మూడోవారం ఒక సాయంత్రం
తేదీల వరస మీద ఊరికే నొక్కితే
బర్కా తోటలు పన్నెండూ ఒకచోట చేరాయి.
అందరి పంపులూ జూన్ ఆఖర్లోనే ఆగాయి, ఏటేటా.
సముద్రం బావుల్లోకి జొరబడుతోంది,
ఉప్పు సీళ్ళని కొరుకుతోంది.
లింబన్న ప్రతివాడి గోడూ విడిగా విన్నాడు,
విడిగా రాసుకున్నాడు.
అందరిదీ ఒకటే గోడని
తొమ్మిది డైరీలు ఒకదానితో ఒకటి చెప్పుకోలేదు.

మే నెలలోనే ఫోన్లు చేశాం:
"మీ పంపు ఇంకా ఆగలేదు. ఆగేలోపు వస్తాం."
ముప్పై ఒక్క సీళ్ళు, ఏడు కొత్త పంపులు.
కొత్త కుర్రాడు బాసిల్
యూసుఫ్‌కి కుడివైపే కూర్చుని
పాత బిల్లు కూడా వసూలు చేసుకొచ్చాడు.
తెర మీద గ్రాఫు మెట్లెక్కింది.
షిహాబ్ హల్వా తెప్పించాడు,
"ఏం మాయ చేశావు?" అన్నాడు.
చెవి, అన్నాను. అతనికి అర్థం కాలేదు.

ఆ రాత్రే నా ఫోనుకి మనీ ఎక్స్‌ఛేంజి మెసేజి:
"ప్రియమైన భూమేశ్వర్,
మీరు డబ్బు పంపి నలభై ఆరు రోజులైంది.
మిమ్మల్ని మిస్ అవుతున్నాం."

ఆ వాక్యం నాకు బాగా తెలుసు.
పోయిన వారమే మూడొందల మందికి పంపాను,
పేరు చోట పేరు మార్చి.
నలభై ఆరు.
నేను లెక్కపెట్టుకోలేదు, ఇంకెవరో పెట్టారు.
ఎందుకు ఆగిందో రాసుకోవడానికి
వాళ్ళ దగ్గరా గడి ఉండదు.

తొమ్మిదో డైరీ వెనక అట్ట లోపల,
ఫోన్ నంబర్లూ లాటరీ అంకెల సందున
పెన్సిల్‌తో, చిన్నగా:
"భూమేశ్. చాయ్‌ల చక్కెర వద్దు.
ఆకలైతే చెప్పడు. అడగాలె."

చాలాసేపు ఏమీ ఎక్కించలేదు.
బకెట్ నిండి పొర్లింది.

తర్వాత కొత్త కాంటాక్ట్ తెరిచాను.
పేరు: లింబన్న. ఊరు: ఆర్మూరు.
అంచనా విలువ ఎన్ని రియాళ్ళు?
పక్కన ఎర్ర చుక్క, నింపక తప్పదు.
సున్నా కొట్టాను.
చల్లని లీడ్‌ల్లో పడేసింది.
బయట నలభై ఏడు డిగ్రీలు.

తర్వాతి ఫోను: శుక్రవారం.
రిమార్క్స్: మోకాలి నొప్పి సంగతి అడుగు.
బర్కా ఉప్పు ముచ్చట చెప్పు, సంబరపడతాడు.
పెట్టేయమంటాడు. పెట్టకు.