సారె లేని కుండ

మక్తల్ బస్టాండుల కొన్న మిర్చీల పొట్లం విప్పితే
నూనె మరకల నడుమ ఒక బొమ్మకుండ.
మూతి కాడ ఆడమనిషి తలకాయ,
సుట్టబట్ట తీరు జుట్టు,
చెంపల మీద గాట్లు.

"యే ఊరి కుమ్మరోళ్లదే?" అడిగింది కుర్మమ్మ.
మనవరాలు కూడబలుక్కొని చదివింది:
ఆఫ్రికాల ఏదో ఊరంట,
ఆడోళ్లే చేస్తరంట,
సారె లేకుంటనే.

కాగితం మోకాలి మీద పరుసుకొని
చానాసేపు సూసింది.
నలభయేండ్లు మన్ను తొక్కిన కాళ్లు,
సలప పట్టి కొట్టిన చేతులు.
సారెను ముట్టింది మాత్రం ఒక్కపారే.
మామ సూసి కడిగిచ్చిండు,
ఆమె చేతులు కాదు, సారెను.

తెల్లారి
తాడు పేనినట్టు మన్ను పేని
వరస మీద వరస సుట్టింది.
కుండ తిరగలే.
నడుము వంచి తనే దాని సుట్టు తిరిగింది.

ముక్కు వంకరొచ్చింది.
గాట్లు పెట్టబోయి, ఆగి,
తన గదువ మీది పచ్చబొట్టు
మూడు సుక్కలు
తుమ్మముల్లుతోని గుచ్చింది.

వాములో ఎడమచెవి రాలిపోయింది.
"ఒంటిచెవి దాన్ని ఎవలు కొంటరే అవ్వా?"
కొడుకు నవ్విండు.

నీళ్లు పోసి సూసింది. కారలే.
ఎత్తుకపోయి
సారె నడిమిట్ల కూసోబెట్టింది.

ఈపారి ఎవ్వలు కడగలే.