అడుగు పూత

బేతంచెర్లలో మే నెల.
కరెంటు పోయి గంటన్నర.
డాక్టరమ్మ సెల్‌ఫోను లైటు వేసుకుని
కుర్చీలో వాలినోడి నోట్లోకి చూస్తా ఉంది.
నేను గోడవార, నా గాజు పలకతో.

ఈ సిమెంటుకు వేడి పడదు.
ఉక్కలో కలిపితే రెండు తిప్పులు తిప్పేలోపే
ముద్దయి, రాయయి, నా మొగం చూస్తుంది.
అందుకే పలకను తడిగుడ్డ మీద,
గుడ్డను నాపరాయి నేల మీద పెట్టి కాచుకుంటా.
మోచెయ్యి ఆనించి చూస్తా, అరచెయ్యి కాదు,
అరచెయ్యి వేడి పలకకు ఎక్కుతుంది.
చల్లబడినాక తడి లేకుండా తుడుస్తా.
చుక్క నీళ్లంటినా చెడిపోయే సరుకు.

కొత్తలో ఒకసారి అడిగినా:
"మన ఊర్లో రాళ్లకేం కరువు మేడం,
పాలిషు పట్టిన నాపరాయి ముక్క మీదే కలిపితే పోలా?"
డాక్టరమ్మ మాట్లాడలా.
సీసాలోని ద్రవం రెండు చుక్కలు గడప మీద వేసింది.
బుసబుసమని పొంగింది రాయి.
ఆ రెండు తెల్ల మచ్చలు ఇంకా ఉన్నాయి,
దాటినప్పుడంతా నా తెలివికి దండం పెట్టుకుంటా.

మా నాయన బేల్దారి.
"మాలు అడిగినప్పుడే నీళ్లు పొయ్యాల దస్తగిరమ్మా,
ఒకేసారి కుమ్మరించేటోడు పనోడు కాదు" అనేటోడు.
ఇక్కడ తిరగబడింది లెక్క:
నీళ్లు ముందు, పొడి కొంచెం కొంచెం.
పొడిని ఆరు కుప్పలు చేసి
చిన్న కుప్ప మొదట,
పలకంతా పరిచి, లాగి, పరిచి,
తొంభై లెక్కపెట్టుకుంటా.
చివర్న చెంచా పైకెత్తితే
అంగుళం దారం సాగి, తెగాల.
నాయన తాపీ మీద జారుడు చూసేటోడు.
నేను దారం చూస్తా.

కుర్చీలో ఉండేది మద్దిలేటి.
ముప్పై ఏండ్లుగా గనిలో రాయి చీల్చే మనిషి.
మూడు నెలల కిందట దవడపన్నులో గుంతతో వచ్చినాడు.
"దిగేముందు తీపి టీ, ఎక్కినాక తీపి టీ,
మధ్యలో ఒకటి. ఇంగేముందమ్మా మాకు."
కుండనీళ్లు తగిలినా జివ్వుమంటుంది,
గనిలో తూటా పేలితే లోపల పన్ను మోగుతుంది అన్నాడు.
పుచ్చు చెక్కుతా చెక్కుతా
అడుగున గులాబిరంగు నీడ కనపడేసరికి
డాక్టరమ్మ చెయ్యి ఆపింది.
"దస్తగిరమ్మా, సున్నం."

రెండు ట్యూబులు. ఆవగింజంత దీంట్లోంచి,
ఆవగింజంత దాంట్లోంచి. కలిపి ఇచ్చినా.
దాని మీదికి లవంగనూనె ముద్ద.
గదంతా వాసన పట్టింది.
నోట్లో దూది పెట్టుకునే, కండ్లు మూసుకునే
"ఎవురింట్లోనమ్మా దమ్ము బిర్యానీ?" అన్నాడు.

లేచినాక అడిగినాడు, అడుగున ఏం పెట్టినారని.
"సున్నం, అన్నా. మన రాయిలోంచి వచ్చేదే."
కాసేపు గమ్మునుండి,
"ముప్పై ఏండ్లు తవ్వి తీసినదాంట్లో
ఇంత తిరిగిచ్చినారు, పోనీలే" అన్నాడు.

ఈ పొద్దు తొడుగు.
ఈ ద్రవానికి కొరికే గుణముంది గానీ
అడుగున పూత ఉంది, నరం దాకా పోనియ్యదు.
తొడుగు లోపల పలచగా పూసి అందించినా.
డాక్టరమ్మ బొటనవేలితో తొక్కిపెట్టి "కొరుకు" అంది.
పక్కలకు కారింది గట్టిపడి
గిల్లితే గుడ్డుపెంకు మాదిరి రాలింది.
"రేపటిదాకా గట్టివి కొరకొద్దు."
"బీడీ?"
"అది ఎల్లుండి కూడా వద్దు."

చెప్పులు వేసుకుంటా గడప మీద నిలబడినాడు,
సరిగ్గా నా రెండు మచ్చల మీద.
గనుల దిక్కున తూటా పేలింది.
కిటికీ అద్దం గలగలమంది, బీరువాలో సీసాలు కూడా.
అలవాటుగా ఆయన చెయ్యి దవడకు పోయింది.
పోయి, ఆడనే ఆగింది.
"యోవ్, బస్సు పోతుంది" అని బయట ఎవరో పిలుస్తా ఉన్నారు.
ఆయన కదల్లా.
తల కొంచెం పక్కకు వంచి
రెండో తూటా కోసం కాచుకోనున్నాడు.