గొర్రెలు వీపు తిప్పిన వైపు

పటగోనియా మీద, నాలుగు వేల అడుగుల ఎత్తున
ఇంజన్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ప్రొపెల్లర్ కర్రలా అడ్డంగా నిలిచిపోయింది.

ముక్కు పైకెత్తమంటుంది భయం.
నేను ముక్కు దించాను.
అరవై అయిదు నాట్లు. ఇక అదే నా ఊపిరి లెక్క.
పెట్రోలు మీట రెండో ట్యాంకుకి తిప్పాను,
కార్బురేటర్ వేడి లాగాను,
తాళంచెవి తిప్పాను, మళ్ళీ తిప్పాను.
పలకలేదు.

పక్కసీట్లో ఎవారిస్తో, ఉన్ని కత్తిరించేవాడు,
విమానమెక్కడం ఇదే మొదలు.
"పైన ఎప్పుడూ ఇంత నిశ్శబ్దమేనా?" అన్నాడు.
జవాబు చెప్పే తీరిక లేదు.
ఎండిన సరస్సు దొరికింది, పొడుగ్గా, తెల్లగా.
గాలి ఎటునుంచో దొరకలేదు.
పొగ లేదు, జెండా లేదు, ఊగడానికి ఒక చెట్టయినా లేదు.

"గొర్రెల్ని చూడు," అన్నాడు కిటికీకి ముక్కు ఆనించి,
"పడమటికి వీపు పెట్టాయి. గాలి అటునుంచే."

పడమటికి తిరిగాను.
ఒళ్ళోని కత్తెర్ల సంచి వెనక్కి పడేయమన్నాను,
తలుపు గడియ తీయమన్నాను.
స్విచ్చులన్నీ ఆపాను.
చక్రాల కింద ఉప్పు పెంకు విరిగింది,
చాలాసేపు విరుగుతూనే ఉంది.

ఒక్క గొర్రే తలెత్తలేదు.
ఎవారిస్తో దిగి వాటిని లెక్కపెట్టి
"సగానికి ఇంకా ఉన్ని తియ్యలేదు" అని
సంచి కోసం వెనక్కొచ్చాడు.

నా చేతులు మాత్రం
ఇంకా ముక్కు దించుతూనే ఉన్నాయి.